హైవే మీద వేరు దారి కావాలి, ఊళ్ళో వేరు దారి వద్దు

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పేరు వినని కార్యకర్త లేడు. కానీ ఆ చట్టంలో సైకిలు మాట ఉందని ఎంతమందికి తెలుసు? 1989 నాటి చట్టాన్ని 2015లో సవరించారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బహిరంగ స్థలంలో ఎస్సీ, ఎస్టీ మనిషిని సైకిలు ఎక్కనివ్వకపోయినా, మోటారు సైకిలు నడపనివ్వకపోయినా, చెప్పులు వేసుకోనివ్వకపోయినా, కొత్త బట్టలు కట్టుకోనివ్వకపోయినా, పెళ్ళి ఊరేగింపు తీయనివ్వకపోయినా నేరమేనని 3వ సెక్షన్‌లో రాశారు. ఏ రోడ్డునైనా, ఏ దారినైనా వాడుకోకుండా అడ్డుకోవడం కూడా అక్కడే నేరంగా రాశారు. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా.

ఒక దేశం పార్లమెంటులో కూర్చుని "వీళ్ళని సైకిలు తొక్కనివ్వండి" అని చట్టం రాసుకోవాల్సి వచ్చిందంటే ఆ దేశంలో రోడ్డు ఎవరిదో వేరే చెప్పాలా? ఇట్లాంటి చట్టం గాలిలోంచి పుట్టదు. జరిగింది చూసే రాస్తారు. ఊరి నడివీధి రాగానే సైకిలు దిగి, చెప్పులు చేత పట్టుకుని, తల వంచుకుని నడిపించుకుంటూ పోయిన తాతల కథలు ఎన్ని వాడల్లో వినలేదు మనం!

దిగకుండా తొక్కుకుంటూ పోవడం మన మొదటి హక్కు. దాన్ని చట్టంలోకి తెచ్చుకున్నాం. కానీ దాని వెనకే రెండో ప్రశ్న నిలబడి ఉంది. దిగకుండా పోతాం సరే, ఎక్కడ పోతాం? లారీ కిందనా, బస్సు కిందనా? సైకిలు తొక్కే మనిషికి రోడ్డు మీద చోటెక్కడ? ఈ సంచికలో ఆ మాటే మాట్లాడుకుందాం. రోడ్డు గీయడం ఇంజనీర్ల పని, ఉద్యమాలకి ఎందుకు అని ఎవరైనా అనొచ్చు. రోడ్డు ఎటు నుంచి ఎటు పోవాలో, ఎంత వెడల్పు ఉండాలో, ఎవరి గుమ్మం ముందు ఆగాలో, ఎవరి వాడ దాకా రాకుండా మిగిలిపోవాలో తేల్చేది ఇంజనీరు స్కేలు ఒక్కటే కాదు. ఆ స్కేలు పట్టుకున్న చెయ్యి వెనక కులం ఉంటుంది.

రోడ్డు పోరాటం మనకి కొత్త కాదు. 1893లో కేరళ వెంగనూరులో అయ్యంకాళి ఎడ్లబండి కట్టించుకుని, పులయలు నడవకూడదన్న రోడ్డు మీద కూర్చుని పోయాడు. బండెక్కడమే ఆయన చేసిన తిరుగుబాటు. 1924-25లో వైకోంలో జరిగిన సత్యాగ్రహం గుళ్ళోకి పోవడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి! రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాల పక్కనే రోడ్లు అన్న మాట కూడా ఉంది. కులం పేరు చెప్పి వాటి నుంచి ఎవర్నీ ఆపడానికి వీల్లేదు. నీళ్ళకి ఎంత పోరాటం జరిగిందో బాటకీ అంత జరిగింది కాబట్టే ఆ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

సైకిలు మన రాజకీయానికీ కొత్త కాదు. 1983 మార్చి 15న కాన్షీరాం నాయకత్వంలో డీఎస్4 కార్యకర్తలు వంద మంది సైకిళ్ళెక్కి ఢిల్లీ నుంచి బయల్దేరారు. 40 రోజుల్లో 7 రాష్ట్రాలు, 4,200 కిలోమీటర్లు తిరిగారు. కార్లు లేని వాళ్ళు, పేపర్లు లేని వాళ్ళు, రెండు కాళ్ళూ రెండు చక్రాలూ నమ్ముకుని ఒక ఉద్యమాన్ని ఊరూరా మోశారు. ఆ తర్వాత సైకిలు గుర్తు మీద గెలిచి గద్దెనెక్కిన పార్టీలు మన రాష్ట్రంలోనూ ఉన్నాయి, ఉత్తరప్రదేశ్‌లోనూ ఉన్నాయి. గుర్తు గోడల మీద మిగిలింది. తొక్కేవాడికి మాత్రం రోడ్డు మీద మూరెడు చోటు రాలేదు.

"ఇప్పుడు సైకిలు ఎవడు తొక్కుతున్నాడండీ, అందరికీ మోటారు బళ్ళొచ్చాయి" అంటారు. నిజమా? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి 45 ఇళ్ళలో సైకిలు ఉంది. స్కూటరో మోటారు సైకిలో ఉన్న ఇళ్ళు 21. కారున్న ఇళ్ళు ఐదు కూడా లేవు. ఆ తర్వాత బళ్ళు పెరిగాయి, కాదనం. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా సగం ఇళ్ళలో సైకిలు ఉందని తేలింది. ఇంకో సంగతి. ఇంట్లో మోటారు బండి ఉంటే అది ఎవరి కింద ఉంటుంది? మగాడి కింద. పొద్దున్నే అతను బండేసుకుని పోతే మిగిలేది ఎవరు? హైస్కూలుకి పోవాల్సిన పిల్ల, రేషను బియ్యం తేవాల్సిన తల్లి, కూలికి పోయే అక్క, పింఛను కోసం పోయే ముసలాయన. సైకిలు దారి అంటే వీళ్ళ దారి. బండి లేని వాళ్ళ సంగతే కాదు, బండి ఉన్న ఇంట్లో బండి అందని వాళ్ళ సంగతి కూడా.

సైకిలు చేతికొస్తే ఏమవుతుందో రెండు చోట్ల దేశం చూసింది. తమిళనాడు పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అరివొళి ఇయక్కం అన్నారు దాన్ని. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు నేర్పడం కూడా ఉద్యమంలో కలిపారు. లక్ష మందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. పొలం కూలీలు, క్వారీ కూలీలు, అంగన్‌వాడీ టీచర్లు. నవ్విన వాళ్ళు నవ్వారు, ఎగతాళి చేసిన వాళ్ళు చేశారు. లేడీస్ సైకిళ్ళు చాలక జెంట్స్ సైకిళ్ళు కొన్నారు. ముందు కడ్డీ ఉంటే పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని అదే మేలన్నారు. నీళ్ళు తేవడం, బస్సు కోసం గంటలు కాయడం, మొగుడు తీసుకుపోతేనే బయటికి పోవడం, అన్నీ మారాయి.

రెండోది బీహారు. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకి సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయలు ఇచ్చే పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని లెక్కగట్టారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. హైస్కూలు మూడు కిలోమీటర్లకి మించి దూరం ఉన్న ఊళ్ళలోనే ఆ పెరుగుదల ఎక్కువ. అంటే ఆ పిల్లలకి చదువు మీద ఇష్టం లేక కాదు, మధ్యలో మూడు కిలోమీటర్లు అడ్డంగా పడుకుని ఉన్నాయి.

రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కూడా బడికొస్తా అని పేరుపెట్టి హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళు పంచారు. మంచిదే. సైకిలు ఇవ్వడం తేలిక. టెండరు పిలవొచ్చు, స్టేజీ కట్టొచ్చు, ఫొటో దిగొచ్చు. సైకిలు దారి వేయాలంటే ఎవడో ఒకడు ఆక్రమించిన డొంక ఖాళీ చేయించాలి, రోడ్డు పక్క చోటు లాక్కున్న వాణ్ణి లేపాలి, కాంట్రాక్టరు తినేసిన మార్జిన్ కక్కించాలి. అందుకే సైకిలు వస్తుంది, దారి రాదు. దారిలేని సైకిలు సగం హక్కే.

ఆ మిగతా సగం లేకపోతే ఏమవుతుందో చూడండి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చచ్చిపోయారు. అందులో 32,825 మంది నడిచిపోయే వాళ్ళు. సైకిలు తొక్కే వాళ్ళు 4,800 మంది దాకా. వీళ్ళు ఎవర్నీ గుద్దిన వాళ్ళు కాదు. గుద్దించుకున్న వాళ్ళు. మన వాడల్లో ఈ సంగతి అందరికీ తెలుసు. మట్టిరోడ్డు ఉన్నన్నాళ్ళూ బళ్ళు మెల్లగా పోయేవి. తారు పడింది, నున్నగా అయింది. బళ్ళు ఎగిరిపోతున్నాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలయ్యాక వేల ఊళ్ళకి రోడ్డొచ్చింది. అట్లాంటి రోడ్ల మీద తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. పన్నెండు అడుగులు. బస్సొస్తే రోడ్డంతా బస్సే. సైకిలు మీద పిల్ల ఎక్కడికి పోవాలి? పక్కకి దిగాలి. పక్కన ఏముంది? జానెడు లోతు అంచు, కంకర, తుమ్మ చెట్లు, వరదకి కోసుకుపోయిన గట్టు.

సైకిలు దారులు వేయడం సర్కారుకి చేతకాదా? చేతవును. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు తెరిచారు. వెడల్పు నాలుగున్నర మీటర్లు. ఎండ తగలకుండా పైన సోలార్ పలకల కప్పు. రాత్రిళ్ళు దీపాలు. ఆరోగ్యం కోసం, సరదా కోసం సైకిలు తొక్కేవాళ్ళ మీద మనకి కోపం లేదు. తొక్కనివ్వండి. కానీ మన ఊరి రోడ్డు మీద బస్సూ లారీ సైకిలూ అన్నీ కలిపి 3.75 మీటర్లు. అక్కడ ఒక్క సైకిలుకే నాలుగున్నర. అది వ్యాయామం సైకిలు, ఇది అన్నం సైకిలు. ఏ సైకిలుకి నీడ కావాలో ఎవరు తేల్చారు?

అన్నం సైకిలుకి వేసిన దారి ఏమైందో కూడా చూద్దాం. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ అనే పునరావాస కాలనీ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్లు 2008లో బస్సులకి వేరే వరస, సైకిళ్ళకి వేరే దారి వేశారు. కార్ల వాళ్ళకి రోడ్డు తగ్గిందని గోల. పేపర్లలో గోల, టీవీల్లో గోల, చివరికి కోర్టులో కేసు. 2012 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. కోర్టులో గెలిచింది, ప్రభుత్వంలో ఓడింది. 2016లో ఆ కారిడార్‌ని కూల్చేశారు. కోల్‌కతాలో 2013లో 174 రోడ్ల మీద సైకిళ్ళు రాకూడదని పోలీసులు నిషేధం పెట్టారు. పాలు పోసేవాడు, పేపరు వేసేవాడు, తాపీమేస్త్రీ జరిమానా కట్టాల్సి వచ్చింది. పల్లెలో కులం దిగమంటుంది, పట్నంలో కారు దిగమంటుంది. దిగాల్సిన వాడు మాత్రం ఒక్కడే.

ఇక అసలు మాటకొద్దాం. సైకిలు దారి ఎట్లా ఉండాలి? ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే "మీకు వేరే దారి వేస్తాం" అన్న మాట వినడానికి తియ్యగా ఉంటుంది. ఊరి పెద్దలకి అది ఇంకా తియ్యగా ఉంటుంది. వాడ నుంచి ఊరి వెనకగా, దిబ్బల పక్కగా, మురుగు కాలవ గట్టు మీదగా ఒక సిమెంటు రోడ్డు వేసి మెయిన్ రోడ్డులో కలిపేస్తే వాళ్ళ నడివీధిలోకి మనం రాము. పీడ వదిలింది అనుకుంటారు. ఖర్చు మన పేరున రాస్తారు. అంటరానితనానికి సిమెంటు పూసినట్టు!

అందుకని ఒక సూత్రం పెట్టుకుందాం. వేరు చేయాల్సింది వేగాన్ని, మనుషుల్ని కాదు.

ప్రపంచంలో సైకిలు దారులు బాగా వేసిన దేశాలు చేసేది కూడా ఇదే. బళ్ళు వేగంగా పోయే చోట సైకిలుకి వేరే దారి వేస్తారు. ఇళ్ళూ బళ్ళూ అంగళ్ళూ ఉన్న చోట వేరే దారి వేయరు, బండి వేగమే తగ్గిస్తారు. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో బండి తగిలితే మనిషి బతికే అవకాశం ఎక్కువ. వేగం పెరిగే కొద్దీ ఆ అవకాశం గబగబా పడిపోతుంది. మనుషులూ బళ్ళూ కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో దేశాలు కలిసి చేసిన ప్రకటన చెప్పింది. దీన్ని మన భాషలో చెప్పుకుంటే ఇంతే. హైవే మీద మాకు వేరు దారి కావాలి. ఊళ్ళో మాకు వేరు దారి వద్దు. ఊళ్ళో నడివీధే మా సైకిలు దారి. రామాలయం ముందు నుంచి, పంచాయతీ ఆఫీసు ముందు నుంచి, సర్పంచి గారి అరుగు ముందు నుంచి మా పిల్ల దిగకుండా తొక్కుకుంటూ బడికి పోతుంది. అక్కడ కావాల్సింది గోడ కాదు, స్పీడ్ బ్రేకరు.

హాలెండులో సైకిలు దారి వేసే ఇంజనీర్లు ఐదు మాటలు చూసుకుంటారు. దారి తెగకుండా కలవాలి. నేరుగా పోవాలి. ప్రమాదం ఉండకూడదు. తొక్కడానికి సుఖంగా ఉండాలి. పోబుద్ధి కావాలి. ఈ ఐదింటినీ మన వాడ దారికి పెట్టి చూడండి. కలుస్తుందా? వాడ చివర సిమెంటు రోడ్డు వాడ చివరే ఆగిపోతుంది. నేరుగా ఉందా? ఊరి వెనక చుట్టు తిప్పుతారు. ప్రమాదం లేదా? రోడ్డెక్కే చోటే మలుపు, దీపం లేదు. సుఖమా? కంకర. పోబుద్ధి అవుతుందా? దారి పొడుగునా చెత్తదిబ్బ. ఐదుకి ఐదూ లేవు.

ఆ హాలెండుకి కూడా దారులు ఎవరూ దానం చేయలేదు. 1971లో అక్కడ రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చచ్చిపోయారు. అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లులూ తండ్రులూ లేచారు. ఆ ఉద్యమానికి పేరే "పిల్లల హత్య ఆపండి". ప్రమాదం అనలేదు, హత్య అన్నారు. రోడ్ల మీద కూర్చున్నారు. అప్పుడు కదిలింది సర్కారు. ఈ రోజు ఫొటోల్లో చూసే నున్నటి దారుల కింద ఆ పోరాటం ఉంది.

మన దగ్గర రూలు లేదా? ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిలు దారులకి నియమాలు రాసింది. గంటకి 200 మించి మోటారు బళ్ళు పోయే రోడ్డు మీద రద్దీ గంటలో 100 సైకిళ్ళు పోతున్నా వేరే దారి వేయడం సబబే అంది. బళ్ళు 100 నుంచి 200 మధ్య ఉంటే 400 సైకిళ్ళు ఉండాలంది. దారి వెడల్పు తక్కువలో తక్కువ రెండు మీటర్లు. ఆ నియమాలని 2015లో సవరించారు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా బళ్ళకి కాదు మనుషులకి ముందు చోటివ్వాలంది. 1962 నుంచి ఉన్న రూలు మన మండలం దాకా ఎందుకు రాలేదు? లెక్కపెట్టే వాడు లేడు కాబట్టి. కూలీల సైకిళ్ళు తెల్లారకముందే పోతాయి. లెక్కపెట్టే గుమాస్తా పదింటికొస్తాడు. అప్పటికి రోడ్డు మీద సైకిలు ఉండదు. "ఇక్కడ సైకిళ్ళు లేవండీ" అని రాసుకుపోతాడు.

ఇంకో మెలిక ఉంది. భయపడి సైకిలు మానేసిన వాళ్ళు ఏ లెక్కలోనూ రారు. గుడి తలుపు మూసేసి, లోపల మాల మాదిగలు ఒక్కరూ లేరు కాబట్టి వాళ్ళకి గుడి అక్కర్లేదు అన్నట్టుంటుంది ఆ లెక్క. అందుకని మనమే లెక్కపెడదాం. పోయే వాళ్ళనీ, పోలేక ఆగిన వాళ్ళనీ.

పని ఎట్లా మొదలుపెట్టాలో చెప్తున్నాం. ప్రతి వాడలో ఒక కమిటీ వేయండి. అందులో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్ళుండాలి. హైస్కూలు పిల్లలు ఇద్దరైనా ఉండాలి.

ఒకటి. పటం గీయండి. పెద్ద కాగితం మీద వాడ మధ్యలో ఉండాలి. ప్రభుత్వం గీసే పటంలో ఊరు మధ్యలో ఉండి వాడ అంచున ఉంటుంది. మన పటం మన గడప నుంచి మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రాథమిక బడి, హైస్కూలు, రేషను షాపు, ఆసుపత్రి, కూలికి పోయే పొలాలు, ఫ్యాక్టరీ, సంత, శ్మశానం, అన్నిటికీ గీతలు గీయండి. ప్రాథమిక బడి కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతులు మూడు కిలోమీటర్ల లోపల, హైస్కూలు ఐదు కిలోమీటర్ల లోపల ఉండాలని ప్రభుత్వాలే లెక్క పెట్టుకున్నాయి. ఐదు కిలోమీటర్లు నడిస్తే గంట పైనే. సైకిలు మీద పాతిక ముప్పై నిమిషాలు. మన పటం ఆ ఐదు కిలోమీటర్లది.

రెండు. లెక్కపెట్టండి. మెయిన్ రోడ్డెక్కే చోట ఒక పనిరోజు తెల్లారి నాలుగున్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా వంతులేసుకుని కూర్చోండి. గంట గంటకీ సైకిళ్ళెన్ని, మోటారు బళ్ళెన్ని, లారీలెన్ని రాయండి. ఆడవాళ్ళెంతమంది, పిల్లలెంతమంది వేరుగా రాయండి. ఇంటింటికీ పోయి "భయపడి ఎవరు మానేశారు" అని అడిగి ఆ లెక్క పక్కన రాయండి.

మూడు. టేపు పట్టుకుని కొలవండి. తారు ఎన్ని అడుగులు, పక్క మార్జిన్ ఎన్ని అడుగులు, కల్వర్టు దగ్గర ఎంత ఇరుకవుతుంది, తారు అంచు ఎంత ఎత్తున ఉంది. గడ్డిమోపు కట్టుకున్న సైకిలు, పాల క్యాన్ల సైకిలు, చేపల బుట్ట సైకిలు ఎంత వెడల్పు పడతాయో అది కూడా కొలవండి. ఇంజనీరు ఖాళీ సైకిలుని చూసి కొలతేస్తాడు. మనది ఎప్పుడూ ఖాళీ సైకిలు కాదు.

నాలుగు. డొంకలు వెతకండి. గుంటూరు వైపు డొంక అంటారు, గోదావరి వైపు పుంత అంటారు, తెలంగాణలో బండ్ల బాట అంటారు. ఊరికీ ఊరికీ మధ్య పొలాల్లోంచి పోయే ఈ దారులు మెయిన్ రోడ్డు కంటే దగ్గర. లారీ రాదు. కాలవ గట్టు మీద చెట్ల నీడ కూడా ఉంటుంది. ఇది ప్రభుత్వ భూమి. గ్రామ నక్షాలో గీత ఉంటుంది. నేల మీద చూస్తే ఎన్నో చోట్ల గీత ఉండదు, దున్నేసి కలిపేసుకున్నారు. కలిపేసుకున్నది ఎవరో ఊరందరికీ తెలుసు. నక్షా నకలు తీసుకోండి, సర్వే అడగండి. డొంక బాగుచేసి మట్టి గట్టిచేస్తే చాలు, అంతకంటే చవకైన సైకిలు దారి లేదు. అయితే పొలాల దారిలో చీకటి పడితే ఆడపిల్లకి భయం. అందుకని డొంక పగటి దారి. రాత్రికి దీపాలున్న రోడ్డు కూడా కావాలి. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టనివ్వొద్దు.

ఈ నాలుగూ చేతిలో ఉంటే అప్పుడు డిమాండు పెట్టాలి. ఉత్త అర్జీ కాదు, కొలతలతో.

హైవే, జిల్లా రోడ్ల మీద: తారు పక్కన రెండు మీటర్ల గట్టి మార్జిన్, లారీ ఎక్కకుండా మధ్యలో ఎత్తు అంచు. కల్వర్టు వెడల్పు చేసేటప్పుడు సైకిలు దారిని కూడా కలపాలి. నాలుగు వరసల రోడ్డుకి అవతల బడి ఉంటే వాడకి ఎదురుగానే అండర్‌పాస్ కావాలి. రెండు కిలోమీటర్లు పోయి తిరిగిరమ్మంటే ఎవరూ పోరు, ఎదురుగా వచ్చే లారీల్లోకే తొక్కుతారు. తర్వాత తప్పు వాళ్ళదే అంటారు.

ఊళ్ళో: నడివీధి పొడుగునా వేగం 30 దాటకూడదు. బడి ముందు, వాడ మొగదల, గుడి ముందు స్పీడ్ బ్రేకర్లు, రాత్రి కనబడేట్టు తెల్లరంగు. వాడ నుంచి నడివీధి దాకా దీపాలు. సైకిలు దిగమన్నవాడి మీద అత్యాచారాల చట్టం కింద కేసు.

నిలిపే చోట: హైస్కూల్లో, ఆసుపత్రిలో, బస్టాండులో, మండల ఆఫీసులో కప్పున్న సైకిలు స్టాండు, గొలుసు వేసుకోవడానికి కడ్డీ. కూలివాడి సైకిలు పోతే అతనికి కాళ్ళు పోయినట్టే. బడి దగ్గర గాలి పంపు. పంక్చరు పని, ఓవరాలింగు పని వాడలో ఆడపిల్లలకి కూడా నేర్పాలి. పంచిన సైకిళ్ళు ఎన్ని చైను తెగి, ట్యూబు పోయి, పిట్టగోడకి ఆనించి ఉన్నాయో చూడండి. సైకిలు ఇవ్వడం ఒక రోజు పని, నడవనివ్వడం ఏళ్ళ పని.

డబ్బేది అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో పోరాడి ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. తెలంగాణలో 2017లో దాని చోట ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. మన జనాభా లెక్కన మన వాటా మన మీదే ఖర్చు పెట్టాలన్నది వాటి మూలం. ఆ డబ్బు ఎటు పోతుందో కాపలా కాయాలి. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ ఆటలకి దళితుల ప్రత్యేక నిధుల నుంచి వందల కోట్లు మళ్ళించిన సంగతి బయటపడింది. అందరూ నడిచే రోడ్డు వేసి మన ఖాతాలో రాసే తెలివి ఎక్కడైనా ఉంటుంది. వాడని మెయిన్ రోడ్డుకీ బడికీ కలిపే దారికి మన నిధి అడుగుదాం. హైవే మార్జిన్, అండర్‌పాస్ మాత్రం హైవే వాళ్ళ ఖర్చు. అది మన నిధిలోంచి తీయనివ్వొద్దు. ఊరి రోడ్డయితే పంచాయతీ, మండల రోడ్డయితే పంచాయతీరాజ్ ఇంజనీర్లు, పెద్ద రోడ్డయితే ఆర్ అండ్ బీ, జాతీయ రహదారి అయితే దాని ప్రాధికార సంస్థ. ఎవరి వాకిట్లో ఎవరి కాగితం పెట్టాలో తెలుసుకుని పెడదాం. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఏటా గ్రామసభలో పెట్టి రాయాలి. ఆ రోజు మన పటం, మన లెక్క తీసుకుని వాడ మొత్తం పోవాలి. తీర్మానం పుస్తకంలో ఎక్కిందాకా కదలొద్దు.

ఇది చిన్న పని అనుకోవద్దు. కారంచేడులో చెరువు నీళ్ళ దగ్గర మొదలయింది, చుండూరు గొడవ సినిమా హాల్లో కుర్చీ దగ్గర మొదలయింది. మన ఆత్మగౌరవ పోరాటాలన్నీ పైకి చిన్నవిగా కనబడే చోట్లే పుట్టాయి. నీళ్ళు, కుర్చీ, చెప్పు, గొడుగు, దారి. భూమి అడుగుదాం, రాజ్యం అడుగుదాం. ఆ రెండింటి దగ్గరికీ పోవాలన్నా మనిషి గడప దాటి పోగలగాలి. తొమ్మిదో తరగతి పిల్ల హైస్కూలు దాకా పోయి తిరిగి రాగలిగితేనే రేపు ఆఫీసులో కూర్చుని రోడ్డు గీసే ఇంజనీరు మన వాడ నుంచి వస్తుంది.

వచ్చే సంచిక లోపల ఎన్ని వాడలు పటం గీస్తాయో చూద్దాం. గీసిన పటాలు, రాసిన లెక్కలు పంపండి. ఒక్క వాడ అర్జీని బుట్టలో పడేస్తారు. మండలంలో అన్ని వాడల పటాలూ కలిపి కలెక్టరు బల్ల మీద పరిస్తే బుట్టలో పట్టవు.

జై భీమ్!